ఎపిసోడ్ 41: బోటు దించే ముందు పది పనులు

బామ్మర్ది: రికార్డవుతోందా?

బావ: అవుతోంది. ఎర్ర లైటు వెలుగుతోంది. మన బోటు లైటులా మధ్యలో ఆరిపోకపోతే చాలు.

బామ్మర్ది: మొదలెట్టకుండానే మొదలెట్టేశావు. ఆయ్, అందరికీ నమస్కారమండి. కాకినాడ జగన్నాథపురం నుంచి మేం, బావాబామ్మర్దులం. ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది. 61 రోజులు ఒడ్డున ఎండిన బోటుని మళ్ళీ నీళ్ళలోకి దించే ముందు చేసుకోవాల్సిన పది పనులు ఇవాళ చెప్పుకుందాం. మొదటిది, అడుగున ఫైబర్ పగుళ్ళు. రెండోది...

బావ: నెగెటివ్ వైరు.

బామ్మర్ది: కాదు. రెండోది గేరు నూనె. నా కాయితంలో నెగెటివ్ వైరు లేనే లేదు.

బావ: అందుకే నీ బోటు అలా ఏడ్చింది.

బామ్మర్ది: గేరు నూనె తీసి చూడండి. మజ్జిగలా తెల్లగా వస్తే లోపలికి నీళ్ళు చేరినట్టే, సీలు మార్చాల్సిందే. మూడోది...

బావ: మూడోదానికి పోకు. పోయినేడాది జీపీఎస్ సంగతి చెప్పు.

బామ్మర్ది: ఆ సంగతి కొబ్బరికాయ ఎపిసోడ్‌లో చెప్పేశాం.

బావ: సగమే చెప్పావు. బ్యాటరీకి తగలేసిన డబ్బు సంగతి చెప్పలేదు.

బామ్మర్ది: [నిట్టూర్పు] సరే. రేవులో ఉంటే అన్నీ వెలిగేవండి. ఉప్పుటేరు దాటి, హోప్ ఐలాండ్ పక్కకెళ్ళి నాలుగు కెరటాలు తగిలితే చాలు, జీపీఎస్ ఆరిపోయేది. దానంతటదే మళ్ళీ వెలిగేది. ఒడ్డుకొచ్చి మెకానిక్‌కి చూపిస్తే బంగారంలా పనిచేసేది. ఆయన ముందు బ్యాటరీ మార్పించాడు, తర్వాత స్విచ్చి.

బావ: ఎమ్‌సీల్ మావయ్య కూడా ఓ చెయ్యి వేశాడు.

బామ్మర్ది: మావయ్య ఊసెత్తకు. నేనూ మీటరు పెట్టి చూశాను కదా! జీపీఎస్ దగ్గర 12.6 వోల్టులు. అంతకన్నా ఏం కావాలి?

బావ: ఇదిగో, ఇక్కడే మా వాడు పప్పులో కాలేశాడండి. మీటరు కరెంటు తాగదు. వంద పోగుల తీగలో ఒక్క పోగు మిగిలినా సరే, మీటరుకి 12.6 కనబడుతుంది. ఆ ఒక్క పోగూ లైటు మొయ్యలేదు. అందుకే బల్బు పెట్టమంటాను. ఆటో బ్రేకు లైటుది, 21 వాట్లది. రెండు వైర్లు అతికించుకుంటే అయిపోయింది. రెండు ఆంపియర్లకి కాస్త తక్కువ లాగుతుంది. అది నిండుగా వెలిగితే వైరు మంచిది, గుడ్డిగా వెలిగితే దొంగ దొరికినట్టే.

బామ్మర్ది: మీటరుతోనూ పట్టుకోవచ్చు.

బావ: పట్టుకోవచ్చు, పెట్టే చోట పెడితే. లైట్లన్నీ వేసి, మీటరు ఒక కాలు బ్యాటరీ నెగెటివ్ బొడిపె మీద, రెండోది లైటు దగ్గర నెగెటివ్ వైరు మీద పెట్టాలి. రెండూ నెగెటివేగా, మధ్యలో ఏమీ కనబడకూడదు. 0.3, 0.4 వోల్టులు అయితే సర్దుకోవచ్చు. మనకెంత వచ్చింది?

బామ్మర్ది: 2.8.

బావ: గట్టిగా చెప్పు.

బామ్మర్ది: 2.8 వోల్టులు! సంతోషమేనా?

బావ: అంటే 12లో దాదాపు మూడు దారిలోనే పోతున్నాయి. అందరూ పాజిటివ్ వెతుకుతారు. ఫ్యూజు అక్కడే, స్విచ్చీ అక్కడే. నెగెటివ్‌ని పట్టించుకునే నాథుడు లేడు.

బామ్మర్ది: అప్పుడు నువ్వు మీటరు చూస్తుంటే నేను ముందు అణియం నుంచి వెనక అమరం దాకా వైరు మూరమూరా కుదుపుతూ వచ్చాను. ఒకచోట కుదపగానే అంకె గెంతింది. పైకి ఏమీ లేదు, నల్ల టేపు శుభ్రంగా చుట్టి ఉంది. టేపు విప్పితే బంక, బంక కింద తడి. తొడుగు చీలిస్తే జానెడు పొడవునా పచ్చటి చిలుము, పొడిలా రాలింది. గోరుతో గీకితే ఒక్క పోగు మాత్రం ఎర్రగా మెరిసింది.

బావ: ఇంటి వైరు. ఇళ్ళకి వేసేది.

బామ్మర్ది: అప్పుడు అదే దొరికింది.

బావ: తగరం పూసిన తీగ వెయ్యాలి. ఇంటి తీగలోకి ఉప్పునీళ్ళు ఒత్తిలో నూనె ఎక్కినట్టు ఎక్కుతాయి.

బామ్మర్ది: ధర కూడా చెప్పు! అందుకే నేను సోల్డరింగ్ చేశాను.

బావ: చేశావు, నెలకే విరిగింది. సీసం పట్టినంత మేరా తీగ పుల్లలా బిగుసుకుపోతుంది. ఇంజిను అదురుకి ఆ చివర పుటుక్కుమంటుంది. తీగ చివర లగ్గు, అంటే లోహపు తొడుగు, వేసి నొక్కాలి, పైన బంక ఉన్న గొట్టం తొడిగి వేడి చెయ్యాలి. వైరు పెట్టెలోకి వెళ్ళే ముందు కిందికి కాస్త వేలాడదియ్యాలి, నీటి చుక్క అక్కడే రాలిపోయేట్టు.

బామ్మర్ది: ఆ రాత్రి లైటు కూడా అదే వైరు మీద ఉంది.

బావ: ...ఆఁ.

బామ్మర్ది: ఎడమ ఎరుపు, కుడి పచ్చ, పైన తెలుపు, మూడూ ఒక్కసారే పోయాయి. లంగరేసిన ఓడల వైపు నుంచి ట్రాలరొకటి వస్తోంది. మనం వాళ్ళకి కనబడం. ఫోన్ టార్చి ఊపుతూనే ఉన్నాను. చెయ్యి వణికి ఫోను నీళ్ళలో పడుతుందేమోనని రెండు చేతులతో పట్టుకున్నాను.

బావ: నేను తీగ పట్టుకుని కూచున్నాను. కదిపితే వెలుగుతుంది, వదిలితే ఆరుతుంది. పక్క నుంచే పోయింది. వాళ్ళ రేడియో పాట వినబడింది.

బామ్మర్ది: ఏ పాటో గుర్తుందా?

బావ: లేదు.

[కాసేపు మౌనం]

బామ్మర్ది: అక్కకి చెప్పావా?

బావ: లేదు. ఇది కట్ చెయ్యి.

బామ్మర్ది: కట్ చేస్తాలే. మూడోది, ప్రొపెల్లర్ పిన్ను. అదనంగా రెండు ఉంచుకోండి. నాలుగోది, లైఫ్ జాకెట్లు. తుమ్మ చెట్టుకింద ఎండబెట్టి...

బావ: జాకెట్లు సరే, నీళ్ళు తోడే పంపు తేలే స్విచ్చికి నెగెటివ్...

బామ్మర్ది: బావా!

బావ: దానికే ముందు చిలుము పడుతుంది! అడుగున నీళ్ళలోనే ఉంటుంది కదా.

బామ్మర్ది: ఐదోది... ఎవరో పిలుస్తున్నారు. ఏంటి తమ్ముడూ? లగ్గులు నొక్కే కటింగ్ ప్లేయరా? బావా, నీ దగ్గరేగా?

బావ: నా దగ్గరెక్కడిది? కొబ్బరికాయ రోజు నువ్వే పట్టుకెళ్ళావు.

బామ్మర్ది: మావయ్యకి ఇచ్చావు కదా.

బావ: ఇవ్వలేదే. ఉండు, బోటులో చూసొస్తా.