గుంటూరు మిర్చి, ప్రపంచ బజారు

శ్రోతలకు నమస్కారం.

సీజన్‌లో గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లి చూడండి. కొనేవాళ్లు టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు తీసి రంగు చూస్తారు, విరిచి ఆరుదల చూస్తారు, తాలు, అంటే రంగు పోయి పాడైన కాయ, ఎంతుందో చూస్తారు. పక్కన నిలబడ్డ రైతు అడిగేది ఒకటే: "చైనా ఆర్డర్లు వచ్చాయా?"

మన తేజ రకం చైనాకు బాగా వెళ్తుంది. అక్కడ దాన్నుంచి ఘాటు సారం తీసి ఆహార పరిశ్రమల్లో వాడతారు. బంగ్లాదేశ్, శ్రీలంక, థాయిలాండ్ కూడా మన మిర్చి కొంటాయి. ఈ గిరాకీ లేకపోతే ఇంత పంట ఎక్కడ అమ్ముకోవాలి? అందుకే విదేశీ వ్యాపారమే వద్దంటే నేను ఒప్పుకోను. కానీ బయట గిరాకీ మందగిస్తే దెబ్బ నేరుగా కళ్లంలోకే వస్తుంది. 2025 ఫిబ్రవరిలో ధర పడిపోయి, క్వింటాకు 11,781 రూపాయల లెక్కన కేంద్రం ఆదుకునే పథకం ప్రకటించాల్సి వచ్చింది.

ఇక చట్టం సంగతి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైంది. ఆరోగ్యానికి హాని అనిపిస్తే ఏ దేశమైనా సరుకు ఆపవచ్చు, అయితే శాస్త్రీయ ఆధారం చూపాలి అంటాయి దాని ఒప్పందాలు. న్యాయమైన మాటే. 2003లో మన దేశం నుంచి యూరప్ వెళ్లిన కారంలో సుడాన్ రంగు బయటపడింది. తినకూడని రంగు అది. పట్టుకోవడమే మంచిదైంది.

ఎండుమిర్చిలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కిలోకు 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్ తీసుకోదు. ఆ బూజు పట్టేది ఎక్కువగా కళ్లంలోనే, ఆరబోసిన కాయల మీద మంచు కురిసినా అకాల వాన పడినా. అర్ధరాత్రి లేచి పట్టాలు కప్పడానికి పరుగెత్తేది రైతు కుటుంబం. నియమం రాసింది ఎక్కడో, దాని ఖర్చు పడింది వీళ్ల మీద. అన్యాయం జరిగిందని వీళ్లు ప్రపంచ వాణిజ్య సంస్థ గడప తొక్కలేరు, ఫిర్యాదు చేసే హక్కు ప్రభుత్వాలకే ఉంది. పైగా కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అక్కడి అప్పీలు విభాగం పనిచేయడం లేదు. ఓడిన దేశం అప్పీలు చేశానంటే చాలు, కేసు అక్కడే ఆగిపోతుంది.

ఆ సంస్థ ఉన్న జెనీవాను మనం కదిలించలేకపోవచ్చు, యార్డును కదిలించగలం. బేరానికి ముందే రైతు తన కాయలను ఉచితంగా పరీక్ష చేయించుకునే వీలుండాలి. నాణ్యత కాగితం చేతిలో ఉంటే గట్టిగా ధర అడగగలడు. కళ్లంలో కప్పే పట్టాలు కౌలు రైతుకూ అందాలి, పాస్‌బుక్ లేదని వెనక్కి పంపకూడదు. వచ్చే కోతల లోపే ఈ రెండూ జరగాలని యార్డు పాలకవర్గాన్ని, వ్యవసాయ శాఖను కోరుతున్నాను. నమస్కారం.