సీప్యాప్ నీళ్ల డబ్బా ఎలా కడగాలి? రెస్‌మెడ్ ఎయిర్‌సెన్స్ 10 రివ్యూ

అందరికీ నమస్తే అండి. స్లీప్ ఆప్నియాకి, అంటే నిద్రలో శ్వాస మాటిమాటికీ ఆగిపోయే సమస్యకి, మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మెషిన్ వాడుతున్నవాళ్ల కోసం, వాళ్లకి ఇంట్లో సాయం చేసేవాళ్ల కోసం ఈ వీడియో. మెషిన్ ఫీచర్ల జోలికి ఇవాళ పోను. పక్కనుండే ఈ నీళ్ల డబ్బా, అదే గాలికి తేమ కలిపే హ్యూమిడిఫయర్, దీని గురించే మాట్లాడతాను. రాత్రంతా పీల్చే గాలి ఈ నీళ్ల మీదుగానే వస్తుంది. అందుకే దీన్ని కడగడం మాత్రం వాయిదా వేయకండి.

ఇది రెస్‌మెడ్ కంపెనీ సీప్యాప్ మెషిన్, ఎయిర్‌సెన్స్ 10. ముందు ప్లగ్ తీసేయండి. లోపల హీటర్ ప్లేటు ఉంటుంది, చల్లారనివ్వండి. డబ్బాని పైనా కిందా పట్టుకుని మెల్లగా నొక్కి లాగితే, ఇదిగో, వచ్చేసింది. మూత బాగా తెరుచుకుంటుంది, చెయ్యి లోపలిదాకా పోతుంది. ఈ డిజైన్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. నచ్చనిది ఈ రబ్బరు సీలు. దీని అంచుల్లో తడి ఉండిపోతుంది. వేలితో ఇలా రుద్దుతూ కడగండి.

ఇప్పుడు దగ్గరగా చూపిస్తాను. అడుగున ఈ మెటల్ మీద తెల్లటి పొర కనబడుతోందా? గీజర్ రాడ్‌కి పట్టే పొరే ఇది. నీళ్లు ఆవిరైపోతే అందులోని కాల్షియం, మెగ్నీషియం ఇలా మిగిలిపోతాయి. బోరు నీళ్లు పోస్తే ఇంకా తొందరగా పడుతుంది. మరిగించి చల్లార్చితే క్రిములు చస్తాయి గానీ ఖనిజాలు అన్నీ పోవు. ఆర్వో నీళ్లలోనూ కొంత ఉంటాయి. డిస్టిల్డ్ వాటరే, అంటే ఆవిరి చేసి మళ్లీ చల్లార్చి పట్టిన నీళ్లే, వాడండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు కూడా డిస్టిల్డే కదా అని కొందరు పోసేస్తున్నారు. దయచేసి వద్దండి. అవి బ్యాటరీ కోసం నింపినవి, మన ఊపిరితిత్తుల కోసం కాదు.

పొర పోవాలంటే ఒక వంతు తెల్ల వెనిగర్‌కి పది వంతుల నీళ్లు కలిపి పోసి, కాసేపు ఉంచండి. తర్వాత వాసన పోయేదాకా కడగండి.

రోజూ పొద్దున్నే మిగిలిన నీళ్లు పారబోయాల్సిందే. నిన్నటి నీళ్ల మీదే కొత్తవి పోయకండి. వారానికోసారి గోరువెచ్చటి నీళ్లలో ఘాటు లేని డిష్‌వాష్ లిక్విడ్ రెండు చుక్కలు వేసి డబ్బా, ట్యూబు కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు. బ్లీచింగ్, డెట్టాల్, సువాసన సబ్బులు వాడొద్దు. జలుబు చేసింది కదా అని నీలగిరి తైలం అసలు వేయకండి. ఆవిరి పట్టడం వేరు, ఇది వేరు. ఆ ఘాటు రాత్రంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఓజోన్ వాయువుతో సీప్యాప్‌ని శుభ్రం చేసే మెషిన్లు కొనమంటారా అని చాలామంది అడుగుతున్నారు. నేనైతే వద్దనే అంటాను. సీప్యాప్ శుభ్రం చేయడానికి ఓజోన్, యూవీ కాంతి పరికరాలు వేటికీ అప్పటికి తాము అనుమతి ఇవ్వలేదని, అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2020లో చెప్పింది. సబ్బు నీళ్లు చాలు.

మెషిన్ పక్కనున్న గాలి ఫిల్టర్‌ని కడగకూడదు, ఆరు నెలలకోసారి మార్చడమే. రోడ్డు పక్క ఇల్లయితే ఇంకా ముందే నల్లబడుతుంది.

ఇంకొక్క మాట. నీళ్లు మ్యాక్సిమమ్ గీత దాటి పోయకండి. డబ్బాలో నీళ్లుండగా మెషిన్‌ని పక్క గదికి కూడా మోయకండి. ఒరిగితే నీళ్లు మోటారులోకి పోతాయి. డబ్బా పగిలినా, ఎంత కడిగినా మసకగానే ఉన్నా, కొత్త డబ్బా తెప్పించుకోండి. అది విడిగా దొరుకుతుంది.