గెయిమ్ నుంచి పిడ్జిన్ దాకా: ఒక చాట్ ప్రోగ్రామ్ నేర్చిన భాషలు

సభకు నమస్కారం. మన నారాయణపేట బజారులో చీరల కొట్టు ముందు కాసేపు నిలబడితే, ఒకే బేరం తెలుగులో మొదలై, కన్నడంలోకి మళ్లి, ధర తెగే వేళకు మరాఠీలోనో ఉర్దూలోనో ముగియడం వినవచ్చు. ఆ వ్యాపారికి అన్ని భాషలూ వచ్చు. అలా రానిచోట, అవసరం కొద్దీ రెండు మూడు భాషల ముక్కలు కలిసి పుట్టే మాటను భాషాశాస్త్రంలో పిడ్జిన్ అంటారు. నేను చెప్పబోయే ప్రోగ్రామ్ పేరు కూడా పిడ్జినే అయినా, దానికి ఆ వ్యాపారి పోలికే ఎక్కువ నప్పుతుందని నా అభిప్రాయం.

1998లో, అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న మార్క్ స్పెన్సర్, ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సంస్థ నడిపే ఇన్‌స్టంట్ మెసెంజర్‌తో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి కూడా మాట్లాడేందుకు ఒక ప్రోగ్రామ్ రాశాడు. దానికి స్థిరపడిన పేరు గెయిమ్. టెలిఫోన్ ఎక్స్చేంజ్‌లా పనిచేసే ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్‌నూ తర్వాత ఆయనే మొదలుపెట్టాడు. గెయిమ్ భారం క్రమంగా ఇతరుల చేతికి వెళ్లింది.

ఏఓఎల్ సర్వర్‌తో మాట్లాడే పద్ధతులు రెండు ఉండేవి. టాక్ అనే చిన్న పద్ధతి వివరాలను ఆ సంస్థే బయటపెట్టింది. తన సొంత ప్రోగ్రామ్ వాడే ఆస్కార్ వివరాలను మాత్రం దాచుకుంది. అందువల్ల తీగ మీద వచ్చిపోయే బైట్లను ఒక్కొక్కటిగా గమనించి, ఏ అంకె దేనికి సంకేతమో ఊహించి, సరిచూసుకుని, ఆ భాషను బయటివారు నేర్చుకోవలసి వచ్చింది. ఒక దశలో సర్వర్ మరో పరీక్ష పెట్టింది: అసలు ఏఓఎల్ ప్రోగ్రామ్ ఫైలులో ఫలానా చోటి నుంచి ఇన్ని బైట్లు తీసుకుని, వాటి హ్యాష్ (ఆ బైట్ల నుంచి లెక్కించే ఒక చిన్న గుర్తు సంఖ్య) లెక్కగట్టి పంపమని అడిగేది. గెయిమ్ దగ్గర ఆ ఫైలు ఉండదు కదా! అందుకని గెయిమ్ ఆ ప్రశ్నను తన బృందం నడిపే వెబ్ సర్వర్‌కు పంపి, అక్కడి నుంచి జవాబు తెచ్చి అప్పగించేది. ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

ఈలోగా యాహూ, ఎంఎస్ఎన్, ఐసీక్యూ, ఐఆర్‌సీ, జాబర్ అనే ఇతర చాట్ పద్ధతుల భాషలు కూడా ప్లగిన్ల (ప్రోగ్రామ్‌కు విడిగా తగిలించే భాగాల) రూపంలో వచ్చి చేరాయి. పాలమూరు నెట్ సెంటర్లలో గంట లెక్కన డబ్బు కట్టి, యాహూకు ఒక కిటికీ, ఎంఎస్ఎన్‌కు ఇంకొక కిటికీ తెరిచినవారికి, అందరు స్నేహితులూ ఒకే జాబితాలో కనిపించడం ఎంత సౌకర్యమో వేరే చెప్పనక్కరలేదు.

పేరులోని ‘ఎయిమ్’ (ఏఓఎల్ ఇన్‌స్టంట్ మెసెంజర్‌కు పొట్టిపేరు) తన ట్రేడ్‌మార్క్ అని ఏఓఎల్ పట్టుబట్టడంతో చాలాకాలం చర్చలు సాగాయి. అవి తేలేవరకు 2.0 పూర్తి విడుదల ఆగిపోయి, బీటాలే (పరీక్షకు ఇచ్చే ముందస్తు రూపాలే) వచ్చాయి. చివరికి 2007 ఏప్రిల్‌లో పేరు పిడ్జిన్‌గా మారింది, మే 3న 2.0 వెలువడింది. భాషలన్నీ తెలిసిన లోపలి భాగం లిబ్‌పర్పుల్ అయింది. మ్యాక్ కంప్యూటర్లలోని అడియం అనే చాట్ ప్రోగ్రామ్ కూడా దానినే వాడుకుంది.

మరుసటి ఏడాది, టైపు చేసే పెట్టె పరిమాణాన్ని ప్రోగ్రామే నిర్ణయించేలా మార్చినందుకు పెద్ద గొడవ జరిగి, ఫన్‌పిడ్జిన్ అనే వేరు శాఖ పుట్టింది. వాడుకరుల ఫిర్యాదు న్యాయమైనదనే నేను అనుకుంటాను. ప్రోగ్రామ్ సోర్స్ (అందరికీ అందుబాటులో ఉన్న దాని అసలు కోడ్) చేతిలో ఉన్నందువల్లనే వారు ఫిర్యాదు దగ్గర ఆగిపోలేదు.

అంత కష్టపడి నేర్చిన భాషలు తర్వాత ఒక్కొక్కటిగా మూగబోయాయి. ఏఓఎల్ మెసెంజర్ 2017 డిసెంబరు 15న, యాహూ మెసెంజర్ 2018 జులై 17న మూతపడ్డాయి. 1988లో పుట్టిన ఐఆర్‌సీ, జాబర్ నుంచి వచ్చిన ఎక్స్ఎంపీపీ మాత్రం ఇంకా నడుస్తున్నాయి, ఎందుకంటే వాటి నియమాలు ఎవరైనా చదువుకోగలిగేలా ప్రచురితమై ఉన్నాయి.

పిడ్జిన్ సోర్స్‌లో అనువాదాల ఫోల్డరు ఒకటుంది, అందులో తెలుగు ఫైలూ ఉంది. ప్రతి ఇంగ్లిష్ వాక్యం కింద తెలుగు వాక్యానికి ఒక గీత కేటాయించి ఉంటుంది. సభ ముగిశాక నేను ఇక్కడే కూర్చుని ఆ ఫైలును తెరుస్తాను; చూడదలచినవారు దగ్గరికి రండి.