మా ప్లాస్మా టేబుల్‌కి లైనక్స్‌సీఎన్‌సీ: ఎనిమిది నెలలు వాడాక నా రివ్యూ

నమస్తే అండి. ముందు నా చేతుల్లో ఉన్న ఈ రెండు ముక్కలు చూడండి. రెండూ ఒకే 3 ఎంఎం ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుప) షీట్‌లోంచి కోసినవి. కోతకి కరెంటు ఇచ్చే ప్లాస్మా సోర్స్ అదే, ఆర్క్‌తో లోహాన్ని కరిగించి కోసే టార్చ్ అదే. ఎడమ చేతిలో ఉన్నదానికి మూల దగ్గర ఒక గీత కనిపిస్తోంది కదా, అక్కడ టార్చ్ కిందికి దిగి షీట్‌ని రాసుకుంటూ పోయింది. కుడి చేతిలో ఉన్నదానికి మూల శుభ్రంగా తిరిగింది. ఈ రెండింటి మధ్య నేను మార్చింది మెషిన్‌ని నడిపే కంట్రోలర్ ఒక్కటే: పాతది తీసేసి, కంప్యూటర్ నుంచి మెషిన్‌ని నడిపే లైనక్స్‌సీఎన్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టాను.

మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. గేట్లకి డిజైన్ ప్యానెళ్లు, లారీ బాడీలకి బ్రాకెట్లు, బేస్ ప్లేట్లు కోస్తాం. ఐదడుగులు బై పదడుగుల టేబుల్. టార్చ్‌ని మోస్తూ టేబుల్ మీద కదిలే అడ్డ దూలానికి (గ్యాంట్రీ) అటొకటి ఇటొకటి, అడ్డంగా ఒకటి, టార్చ్‌ని ఎత్తి దించడానికి ఒకటి, మొత్తం నాలుగు స్టెప్పర్ మోటార్లు. పట్టాలు, మోటార్లు, డ్రైవ్‌లు అన్నీ బాగున్నాయి. ఇబ్బందంతా టార్చ్ ఎత్తు దగ్గరే వచ్చేది. కంట్రోలర్ అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "సెట్టింగ్ మార్చండి" అనేవారు. ఏ సెట్టింగో, అది లోపల ఏం చేస్తుందో చెప్పేవాళ్లు లేరు.

ఆ మూల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను మారడానికి అసలు కారణం అదే. కోసేటప్పుడు టార్చ్‌కీ షీట్‌కీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల చిన్న ఖాళీ ఉండాలి. షీట్ ఏమో వేడికి వంగుతుంది, ఉబ్బుతుంది. అందుకని ఆర్క్ వోల్టేజ్ చూస్తూ టార్చ్‌ని ఎత్తడం, దించడం చేస్తుంది మెషిన్. దీన్నే టీహెచ్‌సీ (టార్చ్ హైట్ కంట్రోల్) అంటాం. ఆర్క్ పొడవైతే వోల్టేజ్ పెరుగుతుంది, పొట్టిదైతే తగ్గుతుంది. వోల్టేజ్ పెరిగిందంటే టార్చ్ పైకి పోయిందని లెక్క, కిందికి దించుతుంది.

ఇప్పుడు మూల వచ్చిందనుకోండి. గ్యాంట్రీ తిరగాలంటే స్పీడు తగ్గాలి. స్పీడు తగ్గితే ఆర్క్ అదే చోట ఎక్కువ లోహాన్ని కరిగించేస్తుంది, సందు వెడల్పవుతుంది, ఆర్క్ సాగుతుంది, వోల్టేజ్ పెరుగుతుంది. టార్చ్ ఎత్తు నిజానికి మారలేదు. కానీ టీహెచ్‌సీకి ఆ వోల్టేజ్ ఒక్కటే తెలుసు కాబట్టి టార్చ్‌ని దించేస్తుంది. అలా షీట్‌కి గుద్దుకుని పాడైన నాజిళ్లు నా దగ్గర ఒక డబ్బా నిండా ఉన్నాయి.

లైనక్స్‌సీఎన్‌సీలో ప్లాస్మా కోసం క్యూటీప్లాస్మాసీ అని ప్రత్యేకమైన స్క్రీన్ ఉంది. 2.9 వెర్షన్‌తో కలిసే వస్తుంది. అందులో వెలాసిటీ యాంటీ డైవ్ అని ఒక ఆప్షన్ ఉంది, ఇదిగో ఇక్కడ. మనం ఇచ్చిన కటింగ్ స్పీడులో 90 శాతం కంటే తగ్గిందంటే టీహెచ్‌సీని అక్కడే లాక్ చేసేస్తుంది. మూల తిరిగి మళ్లీ స్పీడు అందుకున్నాక వదులుతుంది. 90 అన్నది ముందే పెట్టి ఉండే విలువ, మన మెషిన్‌ని బట్టి మార్చుకోవచ్చు. ముందే కోసిన సందు మీదుగా టార్చ్ వెళ్లినప్పుడు కూడా వోల్టేజ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది. దానికి వాయిడ్ యాంటీ డైవ్ అని వేరే ఉంది. ఇలాంటివి కొన్ని ఖరీదైన కంట్రోలర్లలో కూడా ఉంటాయి, కాదనను. ఇక్కడ మాత్రం ఎందుకు లాక్ అయింది, ఎప్పుడు వదిలింది అన్నది హాల్‌స్కోప్‌లో (లోపలి సిగ్నళ్లని గీసి చూపించే టూల్) గ్రాఫ్‌గా నా కళ్లతో చూశాను. మొదటిసారి ఆ గ్రాఫ్ చూసినరోజు మా కుర్రాళ్లందరినీ పిలిచి చూపించాను. అన్నేళ్లుగా నాజిళ్లు ఎందుకు పోతున్నాయో మాకు అప్పుడు అర్థమైంది.

దీని పుట్టుక కూడా ఒక మాటలో చెబుతాను. 1990లలో అమెరికా ప్రభుత్వ కొలతల, ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో మొదలైన ప్రాజెక్టు ఇది. ప్రభుత్వ సొమ్ముతో చేసిన పని కాబట్టి కోడ్ అందరికీ ఇచ్చేశారు. తర్వాత వాలంటీర్లు పెంచుకుంటూ వచ్చారు. లైసెన్స్ ఫీజు లేదు.

సాఫ్ట్‌వేర్ ఉచితం కానీ హార్డ్‌వేర్ కొనాల్సిందే. నేను మేసా కంపెనీ 7ఐ76ఈ కార్డు పెట్టాను. కంప్యూటర్‌కి ఈథర్‌నెట్ కేబుల్‌తో కలుస్తుంది. ఐదు మోటార్లకి వాటిని కదిలించే పల్సులు ఇస్తుంది, 32 ఇన్‌పుట్‌లు, 16 అవుట్‌పుట్‌లు ఉన్నాయి. ఇన్‌పుట్‌లకి 24 వోల్టుల సెన్సార్లు నేరుగా కలుస్తాయి. పాత ప్యారలల్ పోర్టుతో కూడా లైనక్స్‌సీఎన్‌సీ నడుస్తుంది, కానీ ప్లాస్మాకి నేను వద్దనే అంటాను. పల్సులన్నీ కంప్యూటరే లెక్కపెట్టి వదలాలి, ఆర్క్ వోల్టేజ్ చదివే దారి కూడా ఉండదు. ఈ కార్డుతో అయితే పల్సుల పని కార్డు చూసుకుంటుంది, కంప్యూటర్ మిల్లీసెకనుకి ఒకసారి ఆదేశం ఇస్తే చాలు. అందుకే సెకండ్ హ్యాండ్ ఆఫీసు కంప్యూటరే సరిపోయింది. కొనేముందు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి లేటెన్సీ టెస్ట్ (కంప్యూటర్ ఆదేశాలు ఎంత ఆలస్యం చేస్తుందో చూసేది) ఒక అరగంట నడిపి చూసుకోండి.

ఈ చిన్న బోర్డు పేరు టీహెచ్‌క్యాడ్. ఆర్క్ వోల్టేజ్‌ని ఫ్రీక్వెన్సీగా మార్చి కార్డుకి పంపుతుంది. ప్లాస్మా పక్కన వోల్టేజ్‌ని అలాగే వైరులో పంపితే చుట్టూ ఉన్న కరెంటు అలజడి (నాయిస్) కలిసిపోతుంది, ఫ్రీక్వెన్సీ అయితే తట్టుకుంటుంది. నా సోర్స్ వెనక సీఎన్‌సీ పోర్టులో వోల్టేజ్ 50కి 1 చొప్పున తగ్గి వస్తుంది. అంటే 120 వోల్టుల ఆర్క్ ఇక్కడ 2.4 వోల్టులుగా కనిపిస్తుంది. మీ సోర్స్‌కి అలాంటి పోర్టు లేకపోతే లోపలి నుంచి ఆర్క్ వోల్టేజ్ నేరుగా తీయాలి. ఆ డీసీ ప్రాణం తీస్తుందండీ. తెలిసిన ఎలక్ట్రీషియన్ లేకుండా ఆ మూత తీయొద్దు.

ఇక ఇబ్బందులు. ఒక వారం పని ఆపుకున్నాను. టార్చ్‌ని ఎత్తి దించే జడ్ యాక్సిస్ మొదట్లో నత్తలా కదిలింది. మోటార్ బలహీనమైందని అనుకున్నాను. తర్వాత మాన్యువల్‌లో దొరికింది: జడ్‌కి మనం ఇచ్చే స్పీడులో, యాక్సిలరేషన్‌లో సగం టీహెచ్‌సీ, ప్రోబింగ్ (షీట్ ఎత్తు ఎక్కడుందో కనుక్కోవడం) పనులకే పక్కన పెట్టేస్తుంది. అంటే మన మోటార్‌కి చేతనైన గరిష్ఠ స్పీడు పూర్తిగా రాయాలి, పొదుపుగా రాస్తే అందులో సగమే దొరుకుతుంది. మాన్యువల్ పెద్దది, ఇంగ్లీషులో చదివాను. మూడుసార్లు చదివితే గానీ నాకు ఎక్కలేదు.

ఇంకొకటి హెచ్‌ఎఫ్ స్టార్ట్, అంటే హై ఫ్రీక్వెన్సీ స్పార్క్‌తో ఆర్క్ వెలిగించడం. నాది ఆ స్పార్క్ లేకుండా గాలి ఒత్తిడితో వెలిగే బ్లోబ్యాక్ స్టార్ట్ కాబట్టి టెన్షన్ లేకుండా గడిచింది. విశాఖపట్నం గాజువాకలో నాకు తెలిసిన ఒకాయన హెచ్‌ఎఫ్ సోర్స్‌తో ఇదే సెటప్ చేశారు. కోత మొదలుపెట్టడానికి షీట్‌కి చిల్లు వేసిన (పియర్స్ చేసిన) ప్రతిసారీ కార్డు కనెక్షన్ తెగిపోయేది. టేబుల్‌కి విడిగా ఎర్త్ రాడ్ దింపి, షీల్డెడ్ కేబుల్ వేసి, ఈథర్‌నెట్ వైరుని టార్చ్ కేబుల్‌కి దూరంగా తిప్పితే తగ్గింది, పూర్తిగా పోలేదు. చివరికి సోర్సే మార్చారు. మీది హెచ్‌ఎఫ్ అయితే ముందు దాని సంగతి తేల్చుకున్నాకే ఈ ఖర్చు పెట్టండి.

రోజువారీ వాడకంలో నాకు బాగా నచ్చింది ఆటో వోల్ట్స్. ఎలక్ట్రోడ్ అరిగేకొద్దీ లోపల గుంట పడుతుంది, అదే ఎత్తులో వోల్టేజ్ పెరుగుతుంది. ఛార్టులో ఉన్న వోల్టేజే పట్టుకుని కూర్చుంటే టార్చ్ రోజురోజుకీ కిందికి దిగుతుంది. ఇది ప్రతి కట్ మొదట్లో సరైన ఎత్తులో ఉన్నప్పుడు వోల్టేజ్ ఎంతుందో చూసి దాన్నే లక్ష్యంగా పెట్టుకుంటుంది. గ్యాంట్రీ రెండు వైపులా వేర్వేరు హోమ్ సెన్సార్లు పెట్టాను, పొద్దున్నే హోమింగ్ చేస్తే (మెషిన్‌ని మొదటి స్థానానికి తెస్తే) ఏ వైపు ఆ వైపే సర్దుకుని గ్యాంట్రీ మూలమట్టానికి వస్తుంది. 32 ఎంఎం కంటే చిన్న రంధ్రాలకి స్పీడు దానంతటదే 60 శాతానికి తగ్గించుకునే ఏర్పాటు ఉంది, జీ కోడ్‌లో (మెషిన్‌కి ఇచ్చే కటింగ్ ఆదేశాల ఫైలు) ఒక్క లైను రాస్తే చాలు. బోల్టు రంధ్రాలు ఇదివరకటి కంటే గుండ్రంగా వస్తున్నాయి, డ్రిల్ వేసినంత నున్నగా మాత్రం రావు. కట్ మధ్యలో ఆర్క్ పోతే వెనక్కి జరిపి అక్కడి నుంచే అందుకోవచ్చు.

మీ కంట్రోలర్ ఇప్పుడు సరిగ్గా పనిచేస్తుంటే, ఆర్డర్లు నెత్తి మీద ఉంటే, మార్చకండి. షాపులో ఒక్కరైనా వైరింగ్ డయాగ్రమ్ చదివేవాళ్లు, కంప్యూటర్‌లో ఫైలు తెరిచి దిద్దడానికి భయపడనివాళ్లు ఉంటేనే దీని జోలికి రండి. అలాంటి మనిషి ఉంటే నిస్సంకోచంగా మారండి అంటాను. అన్నీ పనిచేశాక కాన్ఫిగరేషన్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి బీరువాలో దాచండి. మొన్న మా హార్డ్ డిస్క్ పోయింది. కొత్తది వేసి, ఆ ఫోల్డర్ కాపీ చేశాక మధ్యాహ్నానికల్లా గేటు ప్యానెల్ కోశాం.

ఇప్పుడు 6 ఎంఎం బేస్ ప్లేటు పెడుతున్నాను. మూల దగ్గర టార్చ్‌ని చూడండి.