శిక్షణకి మొదట ఎవర్ని పంపాలి, ఖర్చు ఎక్కడ రాయాలి? నెల్లూరు, ప్రకాశం జిల్లాల స్వచ్ఛంద సంస్థల కోసం

[దృశ్యం: ఒంగోలులో ఒక చిన్న సంస్థ ఆఫీసు. బల్ల మీద ఓచర్ల కట్ట, పక్కన చెక్కుబుక్కు.]

శిక్షణ ఉందని ఉత్తరం వస్తే మీ సంస్థలో ఎవరు వెళ్తున్నారు? చాలాచోట్ల కార్యదర్శి గారే వెళ్తారు. లేదంటే ఆ వారం ఎవరికి పని తక్కువుంటే వాళ్లని పంపుతారు. ఈ అలవాటు మానాలి. ఎవరి చేతిలో తప్పు జరిగితే సంస్థకి, మనం పనిచేసే జనానికి ఎక్కువ నష్టమో ముందు వాళ్లని పంపాలి.

మొదటి పేరు అకౌంటెంట్‌ది. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థ అయితే మరీను. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ)కి 2020లో చేసిన సవరణ ప్రకారం ఆ విరాళం ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో మీ ఖాతాలోకే రావాలి. అక్కణ్ణించి కావలిలోనో కనిగిరిలోనో ఉన్న మీ ఎఫ్‌సీఆర్‌ఏ ఖర్చుల ఖాతాకి మార్చుకోవచ్చు. కానీ ఆ ఖాతాలో స్థానిక విరాళం ఒక్క రూపాయి కూడా పడకూడదు.

[తెర మీద: రెండు పాస్‌బుక్కులు, మధ్యలో ఎర్రగీత.]

ఎక్కువగా తప్పు జరిగేది జీతాల రోజున. విదేశీ, స్థానిక ఖాతాల్లో ఒకదాంట్లో డబ్బు తక్కువ పడుతుంది, రెండోదాన్నుంచి చేబదులు తీస్తారు, వారంలో తిరిగి వేసేస్తారు. లెక్క సరిపోయిందిగా అనుకుంటారు. నిధులు కలిసిపోయాక లెక్క సరిపోయినా అది ఉల్లంఘనే. ఇంకో పొరపాటు పరిపాలనా ఖర్చులో జరుగుతుంది. విదేశీ విరాళంలో ఒకప్పుడు 50 శాతం దాకా ఉన్న పరిమితి ఇప్పుడు 20 శాతం. ఆఫీసు నిర్వహణ చూసేవాళ్ల జీతాలే కాదు, ప్రయాణాలూ అందులోకే వస్తాయి. ఏటా డిసెంబర్ 31లోపు విదేశీ విరాళాల వార్షిక లెక్క, అంటే ఎఫ్‌సీ-4 రిటర్ను వెయ్యాలి. అందుకని అకౌంటెంట్‌కి ఉపన్యాసాల శిక్షణ చాలదు. మీ ఓచర్లే ముందు పెట్టుకుని పనిచేయించే శిక్షణ వెతకండి. ఆడిట్ నెలల్లో మాత్రం పంపొద్దు.

రెండోవాళ్లు పిల్లలతో పనిచేసే ఫీల్డు సిబ్బంది. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ అధిపతి తన కింది ఉద్యోగి చేసిన నేరాన్ని దాస్తే ఏడాది దాకా. శిక్షణ లేని కార్యకర్త మంచి మనసుతోనే మూడు తప్పులు చేస్తారు. ఏం జరిగిందని పిల్లని మళ్లీ మళ్లీ అడుగుతారు. ఊరి పెద్దల దగ్గర పంచాయితీకి ఒప్పుకుంటారు. రిపోర్టు కోసం ఫోటో తీస్తారు. ప్రతి ఒక్కటీ ఆ పిల్లకి మళ్లీ గాయమే. చెయ్యాల్సిందల్లా పిల్ల చెప్పినంతవరకు విని, ఆ మాటల్లోనే రాసుకుని, అదే రోజు పోలీస్ స్టేషన్‌కి చెప్పడం, సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పడం.

మూడోవాళ్లు అంతర్గత కమిటీ సభ్యులు. సంస్థలో 10 మంది ఉద్యోగులు లేదా ఎక్కువ ఉంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే ఈ కమిటీ తప్పనిసరి. కమిటీ సభ్యులకి అవగాహన శిక్షణ ఇవ్వమని చట్టమే చెబుతోంది.

[దృశ్యం: నెల్లూరు స్టేషన్, రాత్రి రైలు.]

ఎక్కడికి పంపాలి? హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ ఉంది. శిక్షణల పట్టిక ముందే పెడుతుంది. సింహపురి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్‌లో దిగొచ్చు. కదల్లేనివాళ్లకి కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల స్వయం పోర్టల్ ఉంది. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఎక్కడికైనా పేరు ఇచ్చేముందు ఒకటి అడగండి: ఏ భాషలో చెబుతారు? ఉదయగిరి కొండల్లో యానాదుల మధ్య గొప్పగా పనిచేసే మనిషి ఇంగ్లీషు క్లాసులో మూడు రోజులు నోరెత్తకుండా కూర్చుని వచ్చేస్తారు. తప్పు ఆ మనిషిది కాదు, పంపినవాళ్లది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం, సముద్రపు ఒడ్డు మండలాల సిబ్బందిని దూరం పంపకండి.

ఇక డబ్బు. కంపెనీల సామాజిక బాధ్యత నిధుల (సీఎస్ఆర్) ప్రాజెక్టు రాసేటప్పుడు పరిపాలనా ఖర్చు 5 శాతమే అని సంస్థలు శిక్షణ కొట్టేస్తుంటాయి. ఆ 5 శాతం కంపెనీ సొంత సీఎస్ఆర్ నిర్వహణ ఖర్చుకి పెట్టిన పరిమితి, అమలు చేసే సంస్థకి కాదు. 2021 ఆగస్టులో కంపెనీ వ్యవహారాల శాఖ ఈ సంగతి వివరంగా చెప్పింది. కాబట్టి ఆ ప్రాజెక్టులో పనిచేసేవాళ్ల శిక్షణని ప్రాజెక్టు ఖర్చుగానే విడి పద్దు కింద అడగండి: ఫీజు, రానుపోను చార్జీలు, బస, దినభత్యం. వాళ్లు లేని రోజుల్లో ఆ పని చూసేవాళ్ల కూలి కూడా రాయండి, దాన్ని దాదాపు అందరూ మరిచిపోతారు.

[తెర మీద: బడ్జెట్ కాగితంలో చివరి వరస మీద గుండ్రంగా గీత.]

ఇద్దర్ని పంపండి. ఒక్కరినే పంపితే, వాళ్లు ఉద్యోగం మారిన రోజున నేర్చుకున్నదీ వాళ్లతోనే పోతుంది. తిరిగొచ్చిన వారంలో మిగతావాళ్లకి ఒక పూట చెప్పించండి. ఓచర్ అయినా, ఫిర్యాదు రిజిస్టర్ అయినా, ఆఫీసులో వాడే కాగితం ఒక్కటి వాళ్ల చేతే మార్పించి, కొత్తది ఏ తేదీ నుంచి వాడుతున్నారో మినిట్స్ పుస్తకంలో రాయించండి.