గోదారికి ఎర్రనీరు ఎక్కడిది?

చిన్నారులకూ, వాళ్ళ పక్కన కూర్చుని వింటున్న పెద్దలకూ నమస్కారం.

పోయిన ఆగస్టులో ఒక సాయంత్రం ఏడేళ్ళ మా మనవరాలిని తీసుకుని రాజమండ్రి పుష్కరఘాట్‌కి వెళ్ళాను. గోదారికి ఎర్రనీరు వచ్చింది. మెట్లు సగానికి పైగా మునిగిపోయాయి. చెట్ల కొమ్మలు, దుంగలు సుడులు తిరుగుతూ కొట్టుకొస్తున్నాయి. పిల్ల కాసేపు అలాగే చూసి అడిగింది. "అమ్మమ్మా, మనకి వారం నుంచి ఒక్క చినుకు పడలేదు కదా. ఇన్ని నీళ్ళు ఎక్కడివి?"

"పైనుంచి వచ్చాయమ్మా" అన్నాను. అది వెంటనే తలెత్తి ఆకాశం వైపు చూసింది. నేనన్నది ఎగువ నుంచి అని. కానీ అది చూసిన వైపే అసలు జవాబు ఉంది.

ఆ రాత్రి వంటింట్లో అన్నం గిన్నె మీద మూత తీసి, తిప్పి చూపించాను. లోపలి వైపు నిండా నీటి బొట్లు. మూత మీద నీళ్ళు ఎవరూ పొయ్యలేదు. గిన్నెలో నీళ్ళు వేడెక్కి, ఆవిరై పైకి లేచి, తమకన్నా చల్లగా ఉన్న మూతకి తగిలి మళ్ళీ బొట్లయ్యాయి. వాన పుట్టేదీ ఇలాగే. అక్కడ పొయ్యి సూర్యుడు, గిన్నె సముద్రం.

"సముద్రం ఉడకదు కదా!" అంది పిల్ల. మీకూ ఆ అనుమానం రావాలి పిల్లలూ. నీళ్ళు ఆవిరి కావడానికి మరగనక్కర్లేదు. దండెం మీద ఆరేసిన చీర చూడండి. పొద్దున నీళ్ళు కారుతూ ఉంటుంది, మధ్యాహ్నానికి గలగలలాడుతూ ఆరిపోతుంది. ఆ నీళ్ళు కొంచెం కొంచెంగా గాలిలో కలిసిపోయాయి. సముద్రం మీద కూడా ఎండ పడినంతసేపూ, గాలి వీచినంతసేపూ అదే జరుగుతుంది. భూమి మీద ఉన్న నీళ్ళలో నూటికి 97 వంతులు సముద్రాల్లోనే ఉన్నాయి. అందుకే గాలిలోకి చేరే ఆవిరిలో ఎక్కువ భాగం అక్కడిదే.

మరి సముద్రం ఉప్పన కదా, వాన ఎందుకు ఉప్పగా ఉండదు? దీనికి మీరే జవాబు కనుక్కోవచ్చు. ఒక పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి, చెంచాడు ఉప్పు కలిపి డాబా మీద ఎండలో పెట్టండి. నీళ్ళన్నీ ఇగిరిపోయాక చూస్తే అడుగున తెల్లటి పొర ఉంటుంది. నీళ్ళు ఒక్కటే లేచి వెళ్ళాయి, ఉప్పు కదల్లేదు. శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు మళ్ళు చూస్తే ఇదే పని ఎకరాలకు ఎకరాలు జరుగుతూ ఉంటుంది. మనం కూరలో వేసుకునే ఉప్పు, వానకి వెళ్ళిపోయిన నీళ్ళు వదిలేసి వెళ్ళినదే.

ఇప్పుడు మబ్బు సంగతి. మబ్బంటే ఆవిరి అని చాలామంది అనుకుంటారు. ఆవిరి కంటికి కనపడదు. అది పైకి వెళ్ళేకొద్దీ చల్లబడి, గాలిలో తేలే దుమ్ము కణాలనీ, సముద్రపు నురగ నుంచి ఎగిరిన ఉప్పు నలుసులనీ పట్టుకుని చిన్న చిన్న బిందువులవుతుంది. మనకి కనిపించే మబ్బు అదే. ఆ బిందువు ఎంత చిన్నదంటే, అలాంటివి సుమారు 10 లక్షలు కలిస్తే ఒక్క వాన చినుకు. అంత తేలిక కాబట్టే మబ్బు కింద పడకుండా తేలుతూ ఉంటుంది. కలిసి కలిసి బరువెక్కితే వాన. బొమ్మల్లో చినుక్కి పైన కొస పెట్టి గీస్తారు కానీ, పెద్ద చినుకు పడేటప్పుడు కింద చదునుగా, పైన గుండ్రంగా, బోర్లించిన ఇడ్లీలా ఉంటుంది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎంత సంతోషమేసిందో!

ఇక గోదారి దగ్గరికి వద్దాం. మహారాష్ట్రలో నాసిక్ పక్కన త్ర్యంబకంలో ఇది పుడుతుంది. అక్కడికి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. జూన్‌లో నైరుతి గాలులు ఆ సముద్రం నుంచి తడి మోసుకొచ్చి సహ్యాద్రి కొండలకి తగులుతాయి. కొండ ఎక్కిన గాలి చల్లబడుతుంది, వాన కురుస్తుంది. ఆ నీళ్ళు పక్కనే ఉన్న సముద్రానికి వెళ్ళకుండా తూర్పుకి తిరిగి, 1465 కిలోమీటర్లు నడిచి మన బంగాళాఖాతంలో కలుస్తాయి. పడమటి సముద్రం నుంచి తూర్పు సముద్రానికి! మబ్బు మీద కాస్త దూరం, నది మీద బోలెడు దూరం.

అయితే మా మనవరాలు చూసిన వరదకి ఇంకో దారి కూడా ఉంది. వార్తల్లో "బంగాళాఖాతంలో అల్పపీడనం" అని వింటారు కదా. ఆ మబ్బులు మన తల మీదుగా పోయి ఛత్తీస్‌గఢ్, విదర్భల్లో కురుస్తాయి. ఆ వాన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల్లోకి చేరి, అవన్నీ గోదారిలో కలుస్తాయి. దారిలో కొట్టుకొచ్చిన మట్టి వల్ల నీళ్ళు ఎర్రబడతాయి. మన ఊళ్ళో ఎండ కాస్తూ ఉండగానే భద్రాచలం దాటి, పాపికొండలు దాటి మన మెట్ల దాకా వచ్చేస్తాయి.

పడిన వానంతా నదిలోకే పోదు. కొంత చెరువుల్లో ఆగుతుంది. తెలంగాణలో కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువులున్నాయి. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువుకి చేరతాయి. కొంత వాన నేలలోకి ఇంకి బావుల్లో ఊరుతుంది. పెద్దలకి ఒక్క మాట. వాకిలంతా సిమెంటు చేయించేటప్పుడు ఒక మూల ఇంకుడు గుంతకి చోటు వదలండి, మీ బోరుకి అదే ఆధారం. ఇంకొంత నీటిని చెట్లు వేళ్ళతో తాగి ఆకుల నుంచి ఆవిరిగా వదిలేస్తాయి. ఆకులున్న కొమ్మకి ఒక పాలిథిన్ సంచి కట్టి సాయంత్రం చూడండి, లోపల తడి ఉంటుంది.

కార్తీకమాసంలో పిల్లని అంతర్వేది తీసుకెళ్ళాం. అక్కడ అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర నది, సముద్రం కలుస్తాయి. దూరంగా సముద్రం మీద ఒక తెల్లటి మబ్బు కనిపించింది. "అమ్మమ్మా, అదెటు వెళ్తుంది?" అంది. ఈ రోజుల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి నెల్లూరు వైపు వెళ్తుందేమో అన్నాను.

అది కాసేపు ఆలోచించింది. "అయితే నెల్లూరులో పిన్నికి ఫోన్ చెయ్యి. దండెం మీద బట్టలు తీసుకోమని చెబుదాం."