జపాన్ పియానో, హైదరాబాద్ ఎండ

అందరికీ నమస్కారం. పిల్లలకు పియానో నేర్పిస్తున్న తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే మాట ఒకటుంది: "సెకండ్ హ్యాండ్ జపాన్ పియానో చూశామండీ, తీసుకోవచ్చా?"

ముందు అది ఏ దేశంలో అమ్మడానికి తయారైందో చూద్దాం. యమహా అప్‌రైట్ (నిలువుగా నిలబడే పియానో) అయితే పైమూత ఎత్తండి. ఇనుప చట్రం మీద సీరియల్ నంబరు ఉంటుంది. దాన్నిబట్టి తయారైన ఏడాది తెలుస్తుంది. చట్రం మీద 'నిప్పన్ గక్కి' అని ఉంటే పాతదే, కంపెనీ ఆ పేరు వదిలేసింది 1987లో. లోపల జపనీస్‌లో రాసిన ట్యూనర్ కార్డు, అంటే శృతి చేసేవాళ్లు రాసిపెట్టే కార్డు దొరికిందా, అక్కడి ఇంట్లో వాడినదన్నమాట. మధ్య పెడల్ నొక్కితే ఫెల్ట్ దిగి శబ్దం తగ్గడం మాత్రం రుజువు కాదు. వేరే దేశాలకు పంపినవాటిలోనూ ఆ ఏర్పాటు ఉంటుంది.

"అక్కడి వాతావరణానికి ఆరబెట్టిన చెక్క, ఇక్కడ పగిలిపోతుంది" అని కొందరు భయపెడతారు. భయం ఉత్తదేం కాదు, కానీ టోక్యోలోనూ వేసవి ఉక్కపోత, చలికాలం పొడి. ఏళ్లపాటు ఆ రెండూ తట్టుకున్న చెక్క అది. నన్నడిగితే, ఎక్కడిదన్న దానికన్నా తీగలు చుట్టిన పిన్నులు బిగువుగా ఉన్నాయా అన్నదే ముఖ్యం.

పియానోలో 200కు పైగా తీగలు. అన్నీ కలిపి లాగే బలం టన్నుల్లో ఉంటుంది. ప్రతి తీగ కొసనూ ఒక ట్యూనింగ్ పిన్‌కు చుడతారు. ఆ పిన్నులన్నీ దిగి ఉండేది పిన్ బ్లాక్ అనే చెక్కలో. మన ఊళ్లో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు గాలిలో తేమ బాగా పడిపోతుంది. చెక్క ఎండి, రంధ్రం వదులై, పిన్ జారి శృతి దిగిపోతుంది. ఆగస్టు ముసురులో అదే చెక్క ఉబ్బి పిన్‌ను బిగబట్టేస్తుంది. తీగల శబ్దాన్ని పెంచే చెక్క పలక, సౌండ్‌బోర్డ్, దాని పగులు కూడా దగ్గరికొచ్చేస్తుంది. అప్పుడు చూస్తే అంతా భేషుగ్గానే ఉంటుంది! అందుకే బేరానికి రోహిణి కార్తెలో వెళ్లండి. కుదరకపోతే మీ ట్యూనర్‌ని వెంటబెట్టుకెళ్లి, బాస్ వైపు, మధ్యలో, పైన కొన్ని పిన్నులు లివర్‌తో తిప్పించండి. పిన్ బరువుగా, బిర్రుగా తిరగాలి. ఇట్టే తిరిగిపోయేవి నాలుగైదు తగిలితే, ధర ఎంత తగ్గించినా వద్దనండి.

ఇంటికి తెచ్చాక కూలర్ ఎదురుగా పెట్టకండి. పగలు కూలర్ తడిగాలి, రాత్రి ఏసీ పొడిగాలి, దానికి రోజుకో వానాకాలం, రోజుకో ఎండాకాలం. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొనుక్కుని, గదిలో తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూసుకోండి.

ఇప్పుడు ఈ పియానో ముందు ప్యానెల్ తీస్తున్నాను. ఇద్దరిద్దరుగా రండి, పిన్ ఎంత బిగువుగా ఉండాలో మీ చేత్తోనే తిప్పి చూద్దురుగాని.